దేవనహళ్ళికి దక్షిణాన ఇంకో రన్‌వే

కారు తయారుచేస్తే లారీ మీద ఎక్కించి ఊరు దాటించవచ్చు. గడియారమైతే అట్టపెట్టెలో పెట్టి పంపేయవచ్చు. విమానంతో ఆ వీలు లేదు. తయారైన నాడు పుట్టినచోటి నుంచే పైకి లేవాలి, కాసేపు చుట్టుతిరిగి మళ్ళీ అక్కడే దిగాలి. ఏ బోల్టు వదులైందో, ఏ తీగ బిగుసుకుందో చూసుకుని మళ్ళీ లేవాలి. అందుకే విమానాల ఫ్యాక్టరీ పెట్టాలనుకున్నవాళ్ళు షెడ్డుకు జాగా చూడడం కన్నా ముందు, నిడుపాటి చదును నేల కోసం వెతుకుతారు.

హోసూరు నుంచి తళి పోయే రోడ్డులో బేళగొండపల్లి దగ్గరున్న చిన్న విమానాశ్రయం అలా పుట్టింది. అది ప్రయాణికుల కోసం కట్టింది కాదు, ప్రభుత్వం కట్టింది అంతకన్నా కాదు. ఒక ప్రైవేటు కంపెనీ తను చేయబోయే విమానాలు ఎగరడానికి సొంత డబ్బుతో వేసుకున్న బాట అది. ఇవాళ బెంగళూరు విమానాశ్రయమంటే అందరికీ గుర్తొచ్చేది ఉత్తరాన ఉన్న దేవనహళ్ళి. ఈ రెంటికీ మధ్య గాలిదారిలో దూరం సుమారు 60 కిలోమీటర్లు. కానీ దేవనహళ్ళి కోసం రాసుకున్న ఒక ఒప్పందం బేళగొండపల్లి రన్‌వే తలరాతను కూడా రాసింది. ఈ సంగతి నన్ను చాలాకాలంగా పట్టుకుని ఉంది.

ముందు నేల గురించి ఒక మాట. దేవనహళ్ళి, హోసూరు రెండూ మొరసునాడులోవే. రాగి చేలు, చెరువులు, గుండ్రాళ్ళ గుట్టలు, ఇంట్లో తెలుగు, బజారులో కన్నడమో తమిళమో. దేవనహళ్ళి కోటకు మొదట మట్టిగోడ లేపింది ఆవతి పాళెగాళ్ళు. విమానాశ్రయానికి పేరిచ్చిన కెంపేగౌడ పూర్వీకులూ ఆ ఆవతి వాళ్ళే. ఆయన తెలుగులో ‘గంగాగౌరీ విలాసం’ అనే యక్షగానం రాశాడని చెబుతారు. ఇక హోసూరు, 1956లో భాషల వారీగా రాష్ట్రాలను విడదీసినప్పుడు మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. గీతలు ఎక్కడ గీసినా మనుషుల మాట మారలేదు. బేళగొండపల్లి పేరులోనే మన కొండ, మన పల్లె వినబడుతున్నాయి కదా.

ఈ పీఠభూమి మీద ప్రైవేటు వాళ్ళు విమానాలు చేయబూనడం అది మొదటిసారి కాదు. 1940 డిసెంబరు 23న వాల్‌చంద్ హీరాచంద్ బెంగళూరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీని స్థాపించాడు. ఓడలు, కార్లు, విమానాలు మూడూ ఈ దేశంలోనే తయారు కావాలని పట్టుబట్టిన మనిషి ఆయన. యంత్రాలు, పనిమంతులు అమెరికా నుంచి విమానాల వ్యాపారి విలియం పాలీ ద్వారా వచ్చారు. దివాను మీర్జా ఇస్మాయిల్ చొరవతో మైసూరు సంస్థానం 25 లక్షల రూపాయల వాటా పెట్టి నేల కూడా ఇచ్చింది. 1941 జులైలో అక్కడ కూర్చిన హార్లో శిక్షణ విమానం ఎగిరింది. కానీ యుద్ధం ముంచుకొచ్చింది, 1942లో ప్రభుత్వం కంపెనీని తన చేతుల్లోకి తీసుకుంది. అదే ఇప్పటి హెచ్‌ఏఎల్. ఆ ఫ్యాక్టరీ పక్కన వేసుకున్న రన్‌వే మీదే తర్వాత దశాబ్దాల పాటు బెంగళూరు ప్రయాణికులంతా ఎక్కి దిగారు. కార్ఖానా బాట ఊరి విమానాశ్రయమైన కథ ఒకటి అప్పటికే ఈ నేల మీద నడిచిందన్నమాట.

ఆ తర్వాత యాభై ఏళ్ళు దాదాపుగా విమానం చేయడమంటే ప్రభుత్వం పనే. 1991 సంస్కరణల్లో ఎన్నో పరిశ్రమలకు లైసెన్సు గొడవ తీసేసినా విమానాల తయారీకి అది మిగిలింది. 1994 మార్చిలో పాత ఎయిర్ కార్పొరేషన్ల చట్టం రద్దయి, ప్రైవేటు విమాన సంస్థలు బాహాటంగా నడవగలిగే రోజులు వచ్చాయి. అందరి కళ్ళూ టికెట్లు అమ్మేవాళ్ళ మీదే ఉన్నాయి. ఆ ఏడే, పెద్దగా చప్పుడు లేకుండా, తనేజా ఏరోస్పేస్ అండ్ ఏవియేషన్ మొదలైంది. పొడి అక్షరాల్లో టాల్.

దాని వెనకున్నది పుణేకు చెందిన ఇండియన్ సీమ్‌లెస్ బృందం, అంటే బి.ఆర్. తనేజా కట్టిన ఉక్కు గొట్టాల సంస్థ. అతుకు లేని గొట్టం చేయడం వాళ్ళ విద్య. విమానమేమో వేల అతుకుల వస్తువు. ఒక పనిలో చేయి తిరిగినవాళ్ళు దానికి పూర్తిగా ఎదురు దిక్కున్న పనిలోకి దిగడానికి గుండె కావాలి. నాకు ఆ కంపెనీ మీద గౌరవం కలిగింది మొదట ఆ ఒక్క కారణానికే.

హోసూరే ఎందుకు? బెంగళూరులో హెచ్‌ఏఎల్ ఉంది, 1960 నుంచి నేషనల్ ఏరోనాటికల్ లాబొరేటరీ (ఎన్‌ఏఎల్) ఉంది. విమానం పని తెలిసిన చేతులు దేశంలో అంత దగ్గర దగ్గరగా ఇంకెక్కడా లేవు. కానీ నగరం లోపల రన్‌వేకి సరిపడే నేల దొరకదు. సరిహద్దు దాటితే హోసూరు. అప్పటికే అక్కడ తమిళనాడు ప్రభుత్వపు సిప్కాట్ పారిశ్రామికవాడ నిలదొక్కుకుని ఉంది. అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్ వచ్చేశాయి. లేతు మీద పనిచేసేవాళ్ళకు, ఫిట్టర్లకు కొదవ లేదు. తళి వైపు నేల ఎత్తు, చదును, ఎండ వేడి తక్కువ. తళిని తెల్లదొరలు చిన్న ఇంగ్లండు అనుకున్నది ఊరికే కాదు.

అక్కడ వేసిన రన్‌వే పొడవు 7,000 అడుగుల పైచిలుకు, వెడల్పు 150 అడుగులు. ఒక చివర 09 అని, ఇంకో చివర 27 అని పెద్ద అంకెలుంటాయి. దిక్సూచి మీద 90 డిగ్రీలు తూర్పు, 270 డిగ్రీలు పడమర. చివరి సున్నా తీసేస్తే అవే ఆ అంకెలు. విమానం ఎప్పుడూ గాలికి ఎదురుగా లేచి, గాలికి ఎదురుగానే దిగాలనుకుంటుంది. మన దగ్గర వానాకాలపు గాలి పడమటి నుంచి కొడుతుంది, చలికాలంలో తూర్పుకు తిరుగుతుంది. కళ్ళం మీద తూర్పారబట్టే రైతుకూ ఈ లెక్క తెలుసు. ఇక పొడవు సంగతి. ఆ నేల సముద్రమట్టానికి సుమారు 3,000 అడుగుల ఎత్తున ఉంది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది, రెక్కకు పట్టు తగ్గుతుంది, ఇంజనుకు ఊపిరి తగ్గుతుంది, పరుగు పెరుగుతుంది. అయినా వాళ్ళు చేయబోయిన చిన్న విమానానికి అందులో నాలుగో వంతు చాలు. అంత పొడవు వేసినవాళ్ళు ఆ ఒక్క విమానం దగ్గరే ఆగాలనుకోలేదని నాకనిపిస్తుంది.

ఆ విమానం పేరు పీ-68. ఇటలీలో నేపుల్స్ ఊరి పార్టెనావియా కంపెనీది. లుయీజీ పాస్కాలే గీసిన నమూనా, 1970 మేలో మొదటిసారి ఎగిరింది. ఆరు సీట్లు, చెరొక 200 గుర్రాల బలమున్న రెండు ఇంజన్లు, బరువు అన్నీ కలిపి రెండు టన్నుల లోపు. రెక్క పైన ఉంటుంది, దానికి ఊతకర్రలు ఉండవు. కిటికీలోంచి కిందికి చూస్తే చక్రం తప్ప నేలకూ కంటికీ మధ్య అడ్డం ఉండదు. సర్వే చేసేవాళ్ళకు, అడవులు కనిపెట్టేవాళ్ళకు, తీరం కాపలా కాసేవాళ్ళకు అందుకే ఇష్టం. ముక్కు మొత్తం అద్దంగా ఉండే అబ్జర్వర్ రకమూ ఉంది. దాన్ని లైసెన్సు మీద హోసూరులో కూర్చడానికి టాల్ ఒప్పందం చేసుకుంది. పౌర అవసరాల చిన్న విమానాన్ని దేశంలో ప్రైవేటు రంగం తయారుచేయడం అదే మొదలు.

ఇలాంటి విమానం ఒంటికి చర్మం అల్యూమినియం రేకు. రేకును లోపలి పక్కటెముకలకు రివెట్లతో బిగిస్తారు. ఒక్కో రివెట్‌కు ఇద్దరు మనుషులు కావాలి. రంధ్రం వేసి, అంచున లేచిన గరుకు గీకి తీసేసి, రివెట్ దూర్చాక బయటివాడు గన్ ఆనించి కొడతాడు. లోపలివాడు రెండో కొసకు బరువైన ఇనపదిమ్మ ఆనించి పట్టుకుంటాడు. ఆ దిమ్మను డాలీ అంటారు. బయటి దెబ్బకు రివెట్ కొస డాలీ మీద నలిగి బొత్తంలా పరుచుకుంటుంది. మధ్యలో రేకు ఉంది కాబట్టి ఇద్దరికీ ఒకరి మొహం ఒకరికి కనబడదు. మోత మారడం బట్టి, అరచేతికి అందే అదురు బట్టి ఎప్పుడు ఆపాలో తెలియాలి. ఒక్క దెబ్బ ఎక్కువైతే రేకు సొట్టపోతుంది, ఒక్కటి తక్కువైతే రివెట్ వదులు. నలగ్గొట్టిన కొసను కొలిచి చూస్తారు, బాగోకపోతే డ్రిల్లుతో తీసేసి మళ్ళీ కొడతారు. ఒక రెక్కకు ఇలాంటివి వేలు. పుస్తకం చదివి వచ్చే విద్య కాదిది. ఇద్దరు మనుషులు నెలల తరబడి జోడీగా పనిచేస్తే చేతుల్లోకి దిగేది. బేళగొండపల్లిలో తయారైన విమానాలకన్నా అక్కడ తయారైన ఈ చేతులే గొప్ప ఆస్తి అని నా నమ్మకం.

విమానం మాత్రం అనుకున్నంతగా అమ్ముడుపోలేదు. నేపుల్స్‌లో మాతృసంస్థే దివాలా తీసింది. పీ-68 హక్కులు 1998లో వల్కనేర్ అనే కొత్త కంపెనీకి పోయాయి. ఇక్కడేమో చిన్న విమానం కొనగలిగినవాడు దాన్ని ఎక్కడ దించాలి? దేశంలో అప్పట్లో విమానాశ్రయాలు తక్కువ, ఉన్నవాటిలో చిన్నవాటికి చోటు తక్కువ. పిస్టన్ ఇంజన్లు తాగే ఏవ్‌గ్యాస్ పెద్ద విమానాల ఇంధనంలా ప్రతిచోటా దొరకదు, దొరికినా ఖరీదు. కారుకు రోడ్డూ పెట్రోలు బంకూ ఎలాగో చిన్న విమానానికి చిన్న రన్‌వే, ఏవ్‌గ్యాస్ అలాగు. అవి లేనప్పుడు ఎంత మంచి విమానమైనా షెడ్డులోనే ఉంటుంది.

చాలా కంపెనీలు అక్కడితో తలుపులు మూసేవి. టాల్ తన చేతులకు వేరే పని వెతికింది. హెచ్‌ఏఎల్‌కు, ఇస్రోకు, ఎన్‌ఏఎల్‌కు విమానాల, రాకెట్ల విడిభాగాలు చేసిపెట్టింది. ఎన్‌ఏఎల్ రూపొందించిన ‘హంస’ అక్కడే తయారైంది. హంస రెండు సీట్ల శిక్షణ విమానం. ఒళ్ళంతా రేకు కాదు, గాజుపీచు, రెసిన్ పొరలు పోసి చేసినది. అంటే రివెట్ గన్ పట్టిన షాపులోనే పొర మీద పొర పేర్చి, గాలిబుడగ మిగలకుండా రోలరుతో నొక్కి, వేడిలో గట్టిపరిచే కొత్త విద్య నేర్చుకున్నారు. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2000లో హంస-3కి ధ్రువపత్రం ఇచ్చాక ఆ విమానాలు ఫ్లయింగ్ క్లబ్బులకు వెళ్ళాయి. ఈ దేశపు కుర్రవాళ్ళు కొందరు ఈ దేశపు విమానం మీదే మొదటి పాఠం నేర్చుకున్నారు. ఈ ముక్క రాస్తుంటే నాకు సంతోషంగా ఉంది.

ఇక్కడ పుట్టపర్తిని తలచుకోకుండా ఉండలేను. దేవనహళ్ళికి ఉత్తరాన, గాలిదారిలో వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, సత్యసాయి సెంట్రల్ ట్రస్టు సొంతంగా కట్టిన విమానాశ్రయం 1990 నవంబరులో మొదలైంది. మన తెలుగు నేల మీదున్న అరుదైన ప్రైవేటు విమానాశ్రయం అది. అది భక్తులు రావడానికి పుట్టింది, హోసూరుది ఫ్యాక్టరీ కోసం పుట్టింది. నగరానికి ఆనుకుని ఇంకొకటి ఉంది, జక్కూరు. 1948 నాటిది, ప్రభుత్వ శిక్షణ పాఠశాలది. 1997లో కెప్టెన్ గోపీనాథ్ డెక్కన్ ఏవియేషన్ హెలికాప్టర్లు మొదలైంది అక్కడే. చవక టికెట్ల ఎయిర్ డెక్కన్ ఆ కొమ్మకు పూసిందే. చిన్న రన్‌వేల మీద ఏం మొలుస్తుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. తర్వాత దేవనహళ్ళికి పోయే బళ్ళారి రోడ్డును వంతెనగా ఎత్తినప్పుడు, ఆ ఎత్తు జక్కూరులో దిగే విమానాలకే అడ్డమైంది.

ఇప్పుడు ఆ ఒప్పందం. దేవనహళ్ళిలో కొత్త విమానాశ్రయం ఆలోచన 1990ల నాటిది. మొదట ముందుకొచ్చిన టాటా, రేథియాన్, సింగపూర్ చాంగీ కూటమి మధ్యలో తప్పుకుంది. తర్వాత సీమెన్స్, జూరిక్ విమానాశ్రయం, ఎల్ అండ్ టీ వచ్చాయి. కేంద్ర, రాష్ట్ర సంస్థల వాటా కలిపి 26 శాతం, మిగతాది ప్రైవేటు. అంటే దేవనహళ్ళిది కూడా ప్రైవేటు చేతుల్లోని విమానాశ్రయమే. కాకపోతే సుమారు 4,000 ఎకరాలది. అంత డబ్బు పోసేవాళ్ళు అడిగిన భరోసా ఒకటుంది: పక్కనే ఇంకొకటి కట్టి మా ప్రయాణికులను పంచుకోకూడదు. 2004 జులై 5న కేంద్ర పౌర విమానయాన శాఖతో కుదిరిన ఒప్పందంలో ఆ మాట చేరింది. దేవనహళ్ళి నుంచి గాలిదారిలో 150 కిలోమీటర్ల లోపల, అది తెరిచిన 25 ఏళ్ళ దాకా, మైసూరు, హాసన్ మినహా ఇంకో విమానాశ్రయాన్ని దానికి పోటీగా పెంచనివ్వరు.

2008 మే 23 అర్ధరాత్రి దాటాక దేవనహళ్ళి తెరుచుకుంది, హెచ్‌ఏఎల్ రన్‌వే మీద ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. లెక్క వేస్తే ఆ గడువు 2033 మే 24కి తీరుతుంది. మ్యాపు మీద దేవనహళ్ళిలో ముల్లు గుచ్చి 150 కిలోమీటర్ల వలయం గీస్తే, బేళగొండపల్లి దాని సగం దూరం కూడా పోకముందే తగులుతుంది.

2017లో చిన్న ఊళ్ళకు విమానాలు నడిపే ఉడాన్ పథకంలో హోసూరు పేరు వచ్చింది. ఊళ్ళో ఆశ పుట్టింది. హోసూరు దక్షిణపు చివర, దేవనహళ్ళి ఉత్తరపు చివర. మధ్యలో మొత్తం బెంగళూరు ట్రాఫిక్. పొద్దున విమానానికి అర్ధరాత్రి బయల్దేరేవాళ్ళు, గులాబీ పెట్టెలు వాడిపోకముందే కార్గోకి చేర్చాలని వ్యాన్ల వెనక పరుగెత్తేవాళ్ళు, వీళ్ళ బాధ చిన్నది కాదు. వాళ్ళ పక్కనే 7,000 అడుగుల రన్‌వే ఉంది. కానీ వలయం అడ్డొచ్చింది. టికెట్ కొన్న ప్రయాణికుడు ఎవరూ అక్కడ విమానం ఎక్కలేదు.

ఎక్కనివ్వకపోవడం అన్యాయమని నేనూ అనుకునేవాణ్ణి. ఇప్పుడు రెండో వైపు కూడా కనబడుతోంది. ప్రయాణికులు వస్తే టెర్మినల్ వచ్చేది, టెర్మినల్ వస్తే కార్ పార్కింగ్, దుకాణాలు, ఎకరం ఎకరానికీ పెరిగే ధర. నిమిషం తీరిక లేని రన్‌వే మీద పరీక్షకు లేచే విమానానికి చోటెక్కడ? ఒప్పందం తలుపు మూసినందువల్లే బేళగొండపల్లి పనిమంతుల విమానాశ్రయంగా మిగిలింది. చార్టర్ విమానాలు, సొంత విమానాలు అక్కడ ఆగుతాయి. విమానాల మరమ్మతులు చేసే ఎయిర్ వర్క్స్ సంస్థ అక్కడే హ్యాంగర్లు తీసుకుని, యూరప్ విమాన భద్రతా సంస్థ గుర్తింపు పొందింది. విదేశాలకు పోయి చేయించుకునే పెద్ద సర్వీసు హోసూరులోనే అయ్యే రోజు వచ్చింది.

ఆ రన్‌వే అంత పొడవు ఎందుకు వేశారన్న ప్రశ్నకు జవాబు అప్పుడు దొరికింది. భారత నౌకాదళం సముద్రం మీద జలాంతర్గాములను వెతికే పీ-8ఐ, బోయింగ్ 737 మీద కట్టిన విమానం, నిండుగా లేస్తే 85 టన్నులు. 2021 నాటికి వాటికి లోతైన తనిఖీలు హోసూరులో చేస్తున్నారు. రెండు టన్నుల పీ-68 కోసం వేసిన ప్రైవేటు బాట మీద నౌకాదళపు విమానం దిగింది. 2024 డిసెంబరులో అదానీ డిఫెన్స్ ఎయిర్ వర్క్స్‌ను కొంటున్నట్టు ప్రకటించింది.

అదే ఏడు జూన్ 27న తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ శాసనసభలో హోసూరుకు అంతర్జాతీయ విమానాశ్రయం ప్రకటించారు: 2,000 ఎకరాలు, ఏడాదికి 3 కోట్ల ప్రయాణికులు. పరిశీలనకు వచ్చిన జాగాల్లో ఈ రన్‌వే పరిసరాలు కూడా ఉన్నాయి. హోసూరుకు విమానాలు రావాలి, నాకందులో రెండో మాట లేదు. నేను అడిగేది ఒక్కటే. కొత్త విమానాశ్రయం ఎక్కడ కట్టినా, రివెట్ కొట్టే షెడ్డుకు, పరీక్షకు లేచే చిన్న విమానానికి, అక్కడ పని నేర్చుకునే డెంకణికోట, తళి పల్లెల పిల్లలకు ఆ గీతల్లో చోటు ఉంచండి.

బేళగొండపల్లి హ్యాంగర్లలో ఒకటి రంగులు వేసేది. పాత కంపెనీ నుంచి తిరిగొచ్చిన విమానానికి ముందు రంగంతా ఊడదీస్తారు. పేరు, గుర్తు, తోక మీది బొమ్మ పోయి, పసుపు కలిసిన పచ్చని పూత ఒంటితో, రివెట్ల వరసలన్నీ బయటపడి నిలబడుతుంది. ఎవరో ఇద్దరు ఎక్కడో డాలీ పట్టి కొట్టిన వరసలు అవన్నీ. రోజుల తరబడి కాగితాలు అంటించి, పొరలు పొరలుగా కొత్త రంగు చల్లి, కొత్త పేరు రాస్తారు. ఆషాఢమైతే గాలి పడమటి నుంచి వస్తుంటుంది. విమానం రాగి చేల పక్కన మెల్లగా తూర్పు చివరికి నడిచి, 27 అంకె మీద ముక్కు తిప్పుకుని ఆగుతుంది.